చనిపోయి పుట్టిన బిడ్డకు జనాజా నమాజు (మట్టి ఇచ్చే ముందు చదివే ప్రార్థన) ఉందా? చదవకుండా మట్టి ఇస్తే తప్పు చేసినట్టా?

అస్సలాము అలైకుమ్ తమ్ముడూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ చెల్లెలికి ఎనిమిదో నెల నిండాక కడుపులో కదలిక ఆగిపోయింది, స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు, మర్నాడు కాన్పు చేస్తే పాప చనిపోయే పుట్టింది. మీ పేష్ ఇమాం గారు జనాజా నమాజు ఉండదని చెప్పి, దుఆ చేసి మట్టి ఇప్పించారు. సౌదీలోని దమ్మామ్‌లో ఉన్న మీ బావగారేమో, అంటే పాప తండ్రి, ఇక్కడ ఇలాంటి బిడ్డలకు నమాజు చదువుతారు, మీరెందుకు చదివించలేదని ఫోన్‌లో గొడవ పడుతున్నారు. ఇదంతా వింటున్న చెల్లెలు "నా పాప ముస్లిం కాదా" అని ఏడుస్తోంది. తొమ్మిది రోజులైంది, ఎవరు చెప్పింది నిజం, ఇప్పుడేం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ ఇమాం గారు చెప్పింది హనఫీ మజ్‌హబ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారం సరైనదే. మీ బావగారు చెప్పింది హంబలీ మజ్‌హబ్ ప్రకారం సరైనదే. ఇద్దరి మాటకూ హదీసుల్లో (ప్రవక్త మాటల, పనుల ఉల్లేఖనాల్లో) ఆధారం ఉంది, పన్నెండు వందల ఏళ్ల నుంచి ఉన్న భేదం ఇది. నమాజు లేకుండా మట్టి ఇచ్చినందుకు మీ మీదా, ఇమాం గారి మీదా, చెల్లెలి మీదా ఏ గునాహూ (దోషమూ) లేదు. పాప ముస్లిం బిడ్డే, అందులో ఏ మజ్‌హబ్‌కూ అనుమానం లేదు. ఖబర్ (సమాధి) మళ్లీ తవ్వాల్సిన అవసరం అసలే లేదు.

నా సంగతి చెప్తాను. గుంటూరు వైపు ఒక ఊళ్లో పందొమ్మిదేళ్లుగా ఆడవాళ్ల మయ్యిత్‌లకు (చనిపోయినవాళ్లకు) గుస్ల్ (శుద్ధి స్నానం) ఇస్తున్నాను. నిస్వాన్ (ఆడపిల్లల) మదరసాలో ఆలిమా (మతశాస్త్ర) కోర్సు చేశాను. పసిబిడ్డలకు మగవాళ్లైనా ఆడవాళ్లైనా గుస్ల్ ఇవ్వొచ్చు కానీ మా దగ్గర చాలామంది మగవాళ్లకు అంత చిన్న ఒంటిని పట్టుకోవాలంటే చేతులాడవు, అందుకని ఆస్పత్రి నుంచి నేరుగా నా దగ్గరికే తెస్తారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా (మతపరమైన తీర్పు) ఇవ్వడం నా పని కాదు. ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) పుస్తకాల్లో చదివింది, ముఫ్తీలను అడిగి తెలుసుకుంది, చేతులతో చేసింది, ఈ మూడూ కలిపి చెప్తున్నాను.

హనఫీల దగ్గర మాట ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. బిడ్డ శరీరంలో ఎక్కువ భాగం బయటికి వచ్చాక ప్రాణం ఉన్న గుర్తు ఏదైనా కనిపించిందా? ఏడుపు, ఊపిరి, తుమ్ము, కాలో చెయ్యో కదలడం, ఏదైనా సరే. కనిపిస్తే ఆ బిడ్డ ఒక్క నిమిషం బతికినా పెద్దవాళ్ల లెక్కే: పేరు, గుస్ల్, కఫన్ (చుట్టే గుడ్డ), జనాజా నమాజు, ఖబర్, అన్నీ. కనిపించకపోతే నమాజు ఒక్కటి ఉండదు. ఆ ఒక్కటే ఉండదు. పేరు పెట్టాలి, గుస్ల్ ఇవ్వాలి, శుభ్రమైన గుడ్డలో చుట్టాలి, ఖబ్రస్తాన్‌లో మట్టి ఇవ్వాలి. చనిపోయి పుట్టిన బిడ్డకు పేరు, గుస్ల్ అక్కర్లేదన్న మాట కూడా పాత పుస్తకాల్లో ఉంది కానీ, ఇమాం అబూ హనీఫా శిష్యుడు ఇమాం అబూ యూసుఫ్ పేరు పెట్టాలి, గుస్ల్ ఇవ్వాలి అన్నారు, తర్వాతి హనఫీ పెద్దలు ఆ మాటనే తీసుకున్నారు.

ఆధారం ఏమిటంటే జాబిర్ (రజి) హదీసు. శిశువు శబ్దం చేసేదాకా దాని మీద నమాజు లేదు, అది ఎవరికీ వారసురాలు కాదు, దానికీ ఎవరూ వారసులు కారు అని. తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. దీని సనద్ (ఉల్లేఖకుల వరుస) విషయంలో రావీల (ఉల్లేఖకుల) మధ్య తేడాలున్నాయని తిర్మిజీ గారే రాశారు, అది దాచాల్సింది కాదు. అయినా చాలామంది ఇమాములు దీన్ని పట్టుకున్నారు. ఇమాం మాలిక్ ఇంకా గట్టిగా ఏడుపే ఉండాలన్నారు. షాఫయీలు, మన హైదరాబాదు బార్కస్‌లో ఉన్నవాళ్లు ఆ మజ్‌హబే, నాలుగు నెలలు నిండిన బిడ్డకు గుస్ల్, కఫన్ తప్పనిసరి అంటారు కానీ నమాజు విషయంలో వాళ్ల బలమైన మాట లేదనే, ఆరు నెలలు దాటితే చదవాలన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

మీ బావగారి వైపు ఆధారం ముగీరా బిన్ షుఅబా (రజి) హదీసు, అబూ దావూద్‌లో ఉంది. నెల తక్కువై జారిపోయిన బిడ్డ మీద నమాజు చదవాలి, దాని తల్లిదండ్రుల కోసం మగ్‌ఫిరత్ (క్షమాపణ), రహ్మత్ (కరుణ) దుఆ చేయాలి అని. ఇమాం అహ్మద్ దీన్ని తీసుకుని నాలుగు నెలలు నిండితే నమాజు చదవాలన్నారు. నాలుగు నెలలే ఎందుకంటే, తల్లి కడుపులో మూడు నలభైలు, అంటే 120 రోజులు గడిచాక ఫరిష్తా (దేవదూత) వచ్చి రూహ్ (ఆత్మ) ఊదుతాడని బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఇబ్నె మస్ఊద్ (రజి) హదీసు ఉంది. రూహ్ వచ్చింది కాబట్టి అది ప్రాణం పోయిన మనిషే, నమాజుకు అర్హత ఉంది అని వాళ్ల వాదన. సౌదీలో నడిచేది ఇదే, మన దగ్గర అహ్లె హదీస్ వర్గం మసీదుల్లో చదివేదీ ఇందుకే.

హనఫీలు రూహ్‌ను కాదనరు. కానీ ఈ లోకంలో బతికిన ఆనవాలు లేకుండా ఈ లోకపు హుకుములు పెట్టరు, అంతే తేడా. అందుకే నమాజునూ ఆస్తినీ ఒకే గీత మీద నిలబెట్టారు. తండ్రి ముందే చనిపోయి బిడ్డ తర్వాత పుట్టిందనుకోండి, చనిపోయి పుడితే వాటా లేదు, ఒక్క ఊపిరి తీసి చనిపోయినా వాటా వస్తుంది, ఆ వాటా మళ్లీ తల్లికీ మిగతా వారసులకీ పోతుంది. ఇలాంటి గొడవ ఇంట్లో ఉంటే నోటి మాటలతో తేల్చుకోకండి, ఆస్పత్రి కాగితాలు పట్టుకుని ముఫ్తీ దగ్గరికి వెళ్లండి, హైదరాబాదు జామియా నిజామియా లాంటి మదరసాలో దారుల్ ఇఫ్తా (ఫత్వాలిచ్చే విభాగం) ఉంటుంది.

ఇప్పుడు మీ చెల్లెలి మాట. "నా పాప ముస్లిం కాదా" అని ఆమె అడిగింది చూడండి, ఈ ప్రశ్న నేను ఎంతమంది తల్లుల నోట విన్నానో. నమాజు లేదు అనగానే ఆ తల్లికి వినపడేది "నీ బిడ్డ లెక్కలో లేదు" అని. మన మగవాళ్లు గది గుమ్మంలో నిలబడి "నమాజ్ నహీ హై" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతారు. అది మసలా (మత నియమం) వరకు సరైనదే, చెప్పే తీరు మాత్రం దారుణం. నాకు చేతనైనంతలో దీన్ని మార్చాలని చూస్తున్నాను.

ఆమెకు ఇలా చెప్పండి. పెద్దవాళ్ల జనాజా నమాజులో చనిపోయినవాళ్ల కోసం మగ్‌ఫిరత్ అడుగుతాం. పసిబిడ్డ నమాజులో హనఫీలు చదివే దుఆ వేరు: "అల్లాహుమ్మజ్అల్‌హా లనా ఫరతన్ వజ్అల్‌హా లనా అజ్రన్ వ జుఖ్రన్ వజ్అల్‌హా లనా షాఫిఅతన్ వ ముషఫ్ఫఅహ్." ఇందులో బిడ్డకు క్షమాపణ అన్న మాటే లేదు, ఎందుకంటే క్షమించడానికి ఏమీ లేదు. ఈమెను మాకు ఫరత్ చెయ్యి, మాకు పుణ్యం చెయ్యి, దాచిన సొమ్ము చెయ్యి, మా కోసం సిఫారసు చేసేదిగా చెయ్యి అని మన కోసం మనం అడుక్కుంటున్నాం. ఫరత్ అంటే ఎవరో తెలుసా? ఎడారిలో బిడారు బయల్దేరినప్పుడు అందరికంటే ముందు నీళ్ల దగ్గరికి చేరుకుని, వెనక వచ్చేవాళ్ల కోసం తొట్టి నింపి పెట్టే మనిషి. నమాజు చదివినా చదవకపోయినా బిడ్డకు వచ్చే లోటు లేదు. ఈ దుఆ అవసరం ఉన్నది మనకి. దాన్ని చెల్లెలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఒళ్లు శుద్ధి కాలేదు కదా అనుకోవద్దు, దుఆకి అడ్డు లేదు.

ముగీరా హదీసులో కూడా చూడండి, దుఆ ఎవరి కోసం చేయమన్నారు? తల్లిదండ్రుల కోసం. ఈ సంగతిలో ఏ మజ్‌హబ్‌కీ గొడవ లేదు. అందుకే మా ఊళ్లో ఇమాం గారిని అడిగి ఒక పద్ధతి పెట్టించుకున్నాం. నమాజు లేకపోయినా, మట్టి వేశాక వచ్చిన మగవాళ్లంతా అక్కడే నిలబడి తల్లి కోసం, తండ్రి కోసం కాసేపు దుఆ చేస్తారు. ఇమాం గారు ఇంటికొచ్చి పరదా ఇవతల నుంచి తల్లికి సలాం చెప్పి, "నీ కోసం దుఆ చేశామమ్మా" అని చెప్పి వెళ్తారు. దానికి పట్టేది ఐదు నిమిషాలు.

ఇంకో సంగతి ఆమెకు చెప్పండి. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కొడుకు ఇబ్రాహీం, మారియా (రజి) కడుపున పుట్టినవాడు, ఏడాదిన్నర కూడా సరిగా బతకలేదు. ఆ పసివాడికి జనాజా నమాజు చదవలేదని అబూ దావూద్‌లో ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉంది. చదివారని వేరే ఉల్లేఖనాలున్నాయి, ఉలమాలు ఎక్కువగా చదివారన్న వైపే మొగ్గారు, పుట్టి బతికిన బిడ్డకు నమాజు ఉందన్నది తేలిన విషయం కూడా. నేను చెప్పేది ఏంటంటే, ఆయన ఇంటి బిడ్డ విషయంలోనే రెండు మాటలు మిగిలాయి, అయినా ఆ బిడ్డ స్థానం గురించి ఎవరికీ రెండు మాటలు లేవు. స్వర్గంలో అతనికి పాలిచ్చే దాది ఉందని ప్రవక్త స్వయంగా చెప్పారు, బుఖారీలో ఉంది. ఆ రోజు ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మీరు కూడానా అని ఒక సహాబీ (ప్రవక్త అనుచరుడు) అడిగారు, కన్ను కారుతుంది, మనసు బాధపడుతుంది, మా ప్రభువుకు ఇష్టమైన మాటే అంటాం అన్నారు. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఏడవకూడదు, సబ్ర్ (ఓర్పు) చెయ్యి అని ఆమె నోరు మూయిస్తుంటే ఆపండి. కళ్లనీళ్లు సబ్ర్‌కి విరుద్ధం కాదు.

ఇక జాగ్రత్తగా చూడాల్సిన చోటు, నా అనుభవంలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. "ఏడవలేదు" అంటే "చనిపోయి పుట్టింది" అని కాదు. నాలుగేళ్ల కిందట ఏడో నెలలో పుట్టిన ఒక బాబు. ఏడవలేదు కాబట్టి నమాజు లేదనుకుని అసర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చేశారు. సాయంత్రం నేను తల్లిని చూడ్డానికి వెళ్తే ఆమె గోడ వైపు తిరిగి పడుకుని, "ఆపా, వాడు నోరు తెరిచాడు, రెండుసార్లు తెరిచాడు, నేను చూశాను" అంది. వాళ్ల అత్తగారు మత్తులో ఏదో అంటోందిలే అన్నారు. నాకు మనసాగక కాన్పు దగ్గరున్న నర్సుకి ఫోన్ చేయించాను. ఆవిడ కూడా అదే చెప్పింది, మూడు నాలుగు ఊపిర్లు తీశాడు, గుండె కాసేపు కొట్టుకుంది అని. నమాజు చదవడానికి కాన్పు చేసిన ఒక్క మంత్రసాని మాట చాలని హనఫీ పుస్తకాల్లో ఉంది, ఆ గదిలో ఉండేది ఆడవాళ్లే కదా. ఇమాం గారికి చెప్పాం. నమాజు లేకుండా మట్టి ఇచ్చేసినప్పుడు, ఒళ్లు ఇంకా పాడై ఉండదన్న నమ్మకం ఉన్నంతవరకు ఖబర్ దగ్గర నిలబడి చదవొచ్చు. మర్నాడు పొద్దున ఎండ కాస్త పైకొచ్చాక తండ్రి, మామ, ఇమాం గారు, ఇంకో నలుగురు వెళ్లి ఆ జానెడు మట్టి ముందు సఫ్ (వరుస) కట్టి నాలుగు తక్బీర్లతో (అల్లాహు అక్బర్‌లతో) చదివారు. ఆ తల్లికి ఎంత ఊరట అయిందో నేను చెప్పలేను. అప్పట్నుంచి ఎవరు బిడ్డను తెచ్చినా మొదట అడిగేది ఇదే: పుట్టాక కదిలిందా, ఊపిరి తీసిందా, డాక్టరు గుండె కొట్టుకుందని అన్నారా, తల్లి ఏం చెప్తోంది. తల్లిని అడగండి. ఆమెను ఎవరూ అడగరు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ముందు రోజు స్కానింగ్‌లో గుండె కొట్టుకుంది, కాన్పు నొప్పుల్లో కూడా మిషన్ మీద వినిపించింది, కానీ పుట్టేసరికి లేదు. ఇది లెక్కలోకి రాదు. కడుపులో ఉన్న ప్రాణం కాదు, బయటికి వచ్చాక ఉన్న ప్రాణం చూస్తారు. మీ పాప విషయంలో కడుపులోనే పోయిందని ముందే తెలిసింది, పుట్టాక ఏ గుర్తూ లేదని మీరే రాశారు, కాబట్టి ఇమాం గారి మాటలో తప్పు లేదు.

గుస్ల్ ఇచ్చారా అన్నది మీరు రాయలేదు. ఇవ్వకపోయినా ఇప్పుడు చేసేదేమీ లేదు, అయినా ఈ జవాబు చదివే వేరేవాళ్ల కోసం చెప్తున్నాను. కడుపులో పోయి ఒకటి రెండు రోజులు ఉన్న బిడ్డ చర్మం తడి కాగితంలా ఉంటుంది, వేలు గట్టిగా తగిలితే ఊడి వస్తుంది. రుద్దకూడదు, సబ్బు వద్దు. నేను స్టీలు బేసిన్‌లో మెత్తటి తువ్వాలు మడిచి వేసి దాని మీద పడుకోబెడతాను, రేగాకు వేసి కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లు గుడ్డలో వడగట్టి చిన్న చెంబుతో మెల్లగా పోస్తాను, కుడివైపు, తర్వాత ఎడమవైపు. చర్మం మరీ పాడైతే పైనుంచి నీళ్లు పోస్తే చాలు. బొడ్డుకి ప్లాస్టిక్ క్లిప్ ఉంటుంది, లాగొద్దు, అలాగే వదిలేయండి. కాలికి ఆస్పత్రి పట్టీ ఉంటుంది, దాన్ని కత్తిరించి తీస్తాను. పోయిన ఏడు ఒక నానీమా ఆ పట్టీని చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపి, ముందు బిడ్డ తల్లిని అడగండి అన్నాను. ఆ అమ్మాయి దాన్ని తీసుకుని దిండు కింద పెట్టుకుంది. పెట్టుకోనివ్వండి, అందులో తప్పేమీ లేదు.

కఫన్‌కి కొత్త తాను కొనక్కర్లేదు, శుభ్రమైన ఒక్క గుడ్డ చాలు. ఆ నానీమాయే తన పాత నూలు చీర ఉతికి మడిచి తెచ్చింది, ఎన్నేళ్లు కట్టిందో దూదిలా ఉంది, దానికంటే మంచిది ఏ కొట్లో దొరుకుతుంది? డోలా (పాడె) కూడా అవసరం లేదు. పసిబిడ్డను చేతుల మీద తీసుకెళ్తారు, ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటూ.

ఖబర్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. చిన్నదే కదా అని రెండు జానలు తవ్వి పెడతారు, కుక్కలు తవ్వుతాయి. తగినంత లోతు ఉండాలి, పైన బండలు సర్దాలి. కుడిపక్కకి, ఖిబ్లా (కాబా) వైపు ముఖం పెట్టి పడుకోబెట్టాలి, పెద్దవాళ్లకి ఎలాగో అలాగే. కొన్ని ఊళ్లలో "ఊపిరి తీయని బిడ్డ" అని ఖబ్రస్తాన్ గోడ బయట పెట్టమంటారు, కొందరు చీకటి పడ్డాక ఎవరికీ తెలియకుండా చేయాలంటారు, ఇంకొందరు పెరట్లో పూడుస్తారు. వీటికి షరీఅత్‌తో సంబంధం లేదు. ముస్లిం బిడ్డ చోటు ముస్లింల ఖబ్రస్తాన్ లోపలే. కమిటీ ఒప్పుకోకపోతే ఇమాం గారిని ముందు పెట్టుకుని మాట్లాడండి, తగ్గొద్దు.

ఆస్పత్రి సంగతి. నెలలు తక్కువున్న పిండాన్ని 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలో వేసే రకంగా లెక్కేస్తారు. అంటే మీరు నోరు తెరిచి అడగకపోతే అది కాల్చేసే చోటికి వెళ్లిపోవచ్చు. అందుకని కాన్పుకి ముందే డ్యూటీ డాక్టరుకి, నర్సుకి చెప్పండి, మేం తీసుకెళ్లి మట్టి ఇచ్చుకుంటామని, కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది. 28 వారాలు దాటిన మృతజననాన్ని చట్టం ప్రకారం నమోదు చేయించాలి, దానికి వేరే ఫారం ఉంటుంది, గడువు 21 రోజులు. మీ పాపది ఎనిమిదో నెల నిండాక కాబట్టి మీకిది వర్తిస్తుంది, ఆస్పత్రివాళ్లు పంపారో లేదో ఒకసారి కనుక్కోండి.

మూడో నెలలోపే జారిపోతే ఏంటని కూడా చాలామంది అడుగుతారు. చేతులు, కాళ్లు, వేళ్లు ఏర్పడకముందు పోతే గుస్ల్ లేదు, నమాజు ఏ మజ్‌హబ్‌లోనూ లేదు, గుడ్డలో చుట్టి శుభ్రమైన చోట మట్టిలో పెట్టాలి. మోరీలో పారేయొద్దు, అంతే.

మీ బావగారు దమ్మామ్‌లో గాయిబానా నమాజు చదువుతానంటున్నారని రాశారు. హనఫీల దగ్గర మయ్యిత్ ఎదురుగా లేకుండా నమాజు లేదు. హంబలీల దగ్గర ఉంది, నెల రోజుల లోపు. ఆయన అక్కడి మసీదులో ఆలింని అడిగి చదువుకుంటే మీరు అడ్డుపడకండి, మీ ఊళ్లో చదవనందుకు ఆయన మిమ్మల్ని తప్పుపట్టకూడదు. నేను హనఫీనే, మా ఇంట్లో ఇలాంటిది జరిగితే మా ఇమాం గారి మాటే వింటాను. అయినా ఆయనను తప్పంటే నేను ఒప్పుకోను. ఒకటి ఆలోచించండి తమ్ముడూ, ఆయన తన బిడ్డను చూడలేదు, ఎత్తుకోలేదు, మట్టి వేయలేదు. అంత దూరంలో ఆయన చేతిలో ఉన్నది ఆ నమాజు ఒక్కటే. ఫోన్‌లో గొడవ మసలా గురించి అనుకుంటున్నారు మీరు, నాకు అలా అనిపించడం లేదు. గుస్ల్ ఎవరిచ్చారు, ఎవరు చేతుల మీద తీసుకెళ్లారు, ఖబర్ ఎక్కడుంది, పక్కన ఏ చెట్టుంది, ఇవన్నీ ఆయనకు వివరంగా చెప్పండి. ఫొటో తీసి పంపండి.

చెల్లెలి ఇబాదత్ (ఆరాధన) గురించి రెండు మాటలు. అవయవాలు ఏర్పడిన బిడ్డ పుట్టింది కాబట్టి వచ్చే రక్తం నిఫాసే (కాన్పు తర్వాతి రక్తస్రావమే). హనఫీల దగ్గర గరిష్ఠంగా 40 రోజులు, అంతకంటే ముందే పూర్తిగా ఆగితే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టొచ్చు, నలభై నిండేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ రోజుల నమాజులు కజా చేయక్కర్లేదు (తర్వాత తిరిగి చదవక్కర్లేదు). మూడో రోజో నాలుగో రోజో పాలు పడి ఉంటాయి, ఆ నొప్పి గురించి సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, మీ అమ్మగారినో వదినగారినో అడగమనండి, డాక్టరుకి చూపించమనండి.

ఆమెకు చెప్పదగ్గ హదీసులు చాలా ఉన్నాయి, నేను ఎక్కువగా చెప్పేది ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఇద్దరు కొడుకులు పోయిన ఒకతను వచ్చి మనసుకు ఊరట కలిగే మాట ఏదైనా చెప్పమని అబూ హురైరా (రజి)ని అడిగాడు. పసివాళ్లు స్వర్గంలో నీళ్లలో తిరుగాడే చిన్న ప్రాణుల్లా స్వేచ్ఛగా తిరుగుతుంటారు, తండ్రి కనిపించగానే బట్ట పట్టుకుంటారు, నేను ఇప్పుడు నీ బట్ట అంచు పట్టుకున్నట్టు, అల్లాహ్ స్వర్గంలోకి పంపేదాకా వదలరు అని చెప్పారు. ఇబ్నె మాజాలో ఇంకొకటి ఉంది, జారిపోయిన బిడ్డ తన బొడ్డుతాడుతో తల్లిని స్వర్గానికి లాక్కెళ్తుంది అని, ఆమె సబ్ర్‌తో పుణ్యం ఆశిస్తే. దీని సనద్ బలహీనమని కొందరు ముహద్దిస్‌లు (హదీసు పండితులు) అన్నారు, అది చెప్పే చెప్తాను ఎవరికైనా.

ఇక పేరు. మీరు పేరు సంగతి రాయలేదు, పెట్టలేదనుకుంటున్నాను. పెట్టకపోతే ఇప్పుడు పెట్టండి, తొమ్మిది రోజులకు ఆలస్యమేమీ కాలేదు. మంచి రోజు చూడ్డాలు, దావత్‌లు ఏమీ అక్కర్లేదు. మౌల్వీ గారితో అక్షరం తీయించి మీరే ఒకటి పెట్టేసి చెల్లెలికి చెప్పడం మాత్రం చేయొద్దు. బావగారిని ఫోన్‌లో ఉంచి, ముందు ఆమెనే అడగండి. ఎనిమిది నెలలు మోసిన తల్లి దగ్గర పేరు ఉంటుంది. నేను అడిగినప్పుడు ఇంతవరకు ఒక్క తల్లి కూడా ఆలోచించుకోవడానికి టైం అడగలేదు.